వెండెల్ గొంతు ఉన్న రికార్డు

డెట్రాయిట్,
మార్చి 9, 1991

లొరెట్టా అక్కకు,

మీ తమ్ముడి గొంతు ఎక్కడా మిగల్లేదని ఆరేళ్ళ కింద అంత్యక్రియల రోజు మీరు ఏడ్చారు. మిగిలింది అక్కా. అరుపులూ హోరుతో పాడే మా పంక్ బ్యాండ్ వేయించిన ఒకే ఒక్క రికార్డుకు కాపీలు మూడు వందలే. ఆ అంత్యక్రియల రోజు నుంచీ వెతుకుతుంటే ఒకటి నిన్న టొలీడోలో పాత రికార్డుల కొట్టులో దొరికింది.

పాటల్లో వెండెల్ డ్రమ్స్ మాత్రమే వాయించాడు. కానీ రెండో వైపు చివర, "ఆగండ్రా, స్టిక్ విరిగింది" అని పగలబడి నవ్వుతాడు. అది తీసేయమని నేనే పోట్లాడాను. వాడు వినలేదు.

కొట్టులో ఒకాయన, "ఏం కావాలన్నా ఇస్తాను, నాకిచ్చెయ్యండి సార్" అని బతిమాలాడు.

"ఇది డ్రమ్స్ వాయించినవాడి అక్కది" అన్నాను.

వచ్చే ఆదివారం రికార్డు ప్లేయర్‌తో సహా వస్తున్నాను. నాన్నగారికి వినికిడి తగ్గిందన్నారుగా, పెద్ద స్పీకర్లే తెస్తున్నాను.

ఇట్లు,
ఆ బ్యాండ్‌లో అరిచినవాడు