పొలం ఎలుకలు

సుపన్‌బురి, థాయిలాండ్
9 నవంబరు 1976

అమ్మకి,

నీ కొడుకు కృపానందం నమస్కారాలు. ప్రభువు దయవల్ల ఇక్కడ నాకు ఒంట్లో బాగానే ఉంది. నువ్వూ, చెల్లాయి రూతూ, బావా, పిల్లలూ చల్లగా ఉన్నారని రూతు రాసిన ఉత్తరం నిన్న అందింది. అందిన దగ్గర్నుంచీ ఒకచోట కూర్చోలేకపోతున్నాను. ఈ నాలుగు ముక్కలు రాసేలోపే మూడుసార్లు లేచి వరండాలో తిరిగొచ్చాను. ఎందుకో చెప్తాను. ముందు నువ్వడిగినవాటికి జవాబు రాయనీ.

అన్నం దొరుకుతోందా అన్నావు. మూడు పూటలా అన్నమే. కాకపోతే ముద్దముద్దగా ఉంటుంది. దానిమీద చేపల్ని ఊరబెట్టి తీసిన నీళ్ళు చల్లుకుంటారు. నువ్విచ్చిన గోంగూర పచ్చడి నెల తిరక్కుండానే అయిపోయింది. సగం అచ్యుతరామారావు గారే తిన్నారు. ఆయన మా వ్యవసాయశాఖ ఆఫీసులో పెద్దాయన, బెజవాడ నుంచి ఈ ట్రైనింగుకి నాతో వచ్చింది ఆయనొక్కరే. ప్రార్థనకి గుడి ఉందా అన్నావు. బస్సులో గంట ప్రయాణం. పాటల్లో మాటలు తెలియవు, రాగాలు మాత్రం మనవే.

రోడ్ల మీద ఏం అమ్ముతారో రాయమని పిల్లలు అడిగారట. వేయించిన మిడతలు అమ్ముతారని చెప్పు. మన దగ్గర శనగల్లాగే పొట్లం కట్టిస్తారు. తిన్నాను. ఎండు రొయ్యల మాదిరే ఉన్నాయి. పట్టుపురుగులు కూడా తిన్నాను, అవి అంత బాగాలేవు.

పోయిన మంగళవారం మమ్మల్ని జీపులో చేలు చూపించడానికి తీసుకెళ్ళారు. కాలవ గట్టు, అటూ ఇటూ వరి, ఉయ్యూరు నుంచి పామర్రు వస్తున్నట్టే ఉంది. దారిలో ఒక పాక ముందు ఆపారు. నీ వయసు ఆవిడ నిప్పుల మీద వెదురు బద్దలు తిప్పుతోంది. చూడకముందే వాసన నాకు తెలిసిపోయింది. ఎలుకలమ్మా. మన పొలం ఎలుకలు. చేతికి గడియారాలున్నవాళ్ళు కార్లు ఆపి మరీ కొంటున్నారు.

అచ్యుతరామారావు గారు ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకుని, "ఏమయ్యా, మన జిల్లాలో ఎవరన్నా తింటారా ఇవి?" అన్నారు.

"ఛఛ, మా వైపు ఎవరూ ముట్టరండీ" అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట.

ఆ రోజంతా నామీద నాకే చిరాకు. మర్నాడు జీపు డ్రైవరు సోంచాయ్‌ని బతిమాలి మళ్ళీ వెళ్ళాను. అతనికి కాస్త ఇంగ్లీషు వచ్చు. రెండు తిన్నాను. ఆవిడ నా చేతులవంకే చూసి ఏదో అంది.

"పైదేశం వాళ్ళు ఎక్కడ కొరకాలో తెలియక తికమకపడతారట. నీకెవరు నేర్పారని అడుగుతోంది" అన్నాడు సోంచాయ్.

"మా అమ్మ" అన్నాను. బయటివాళ్ళ ముందు ఆ మాట అనడం నాకదే మొదలు.

ఆవిడ నవ్వి ఇంకోటి ఆకులో పెట్టింది. డబ్బులు వద్దంది. మెడ దగ్గర నొక్కు చూపించి, ఉచ్చు పెట్టి పట్టినవే కొంటానని, మందు పెట్టిన చేల వైపు ఎలుక ఊరికే ఇచ్చినా తీసుకోనని చెప్పింది. ఆకు నా చేతిలోనే ఉండిపోయింది. తినలేకపోయాను.

రూతూ, ఇక్కడ ఆగి తలుపు దగ్గరికి వెయ్యి. ఇది అమ్మకి మెల్లగా చదువు.

నిరుడు కోతల ముందు మన ఊళ్ళో ఎలుకల మందు పెట్టించింది నేనే కదమ్మా. పంచాయితీ ఆఫీసు ముందు నిలబడి కాగితం చదివాను. కోళ్ళని గంపల కింద కమ్ముకోండి, కుక్కల్ని కట్టేసుకోండి అని ఉంది. చచ్చిన ఎలుకల్ని తినొద్దని లేదు. నాకు గుర్తురాక కాదు. రైతులున్నారు, ఆఫీసర్లున్నారు. ఆ మాటంటే "ఎవరు తింటారయ్యా?" అంటారు, అందరూ నావైపే చూస్తారు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. సాయంత్రం మన పేటలోకొచ్చి విడిగా చెబుదామనుకున్నాను. ఇంతలో జీపు బయల్దేరుతోందన్నారు. ఎక్కేశాను.

మూడోరోజు రత్తయ్య మామయ్య, గట్టు మీద ఎలుకలు పట్టకుండానే దొరికాయని నవ్వుకుంటూ తెచ్చాడని నువ్వే చెప్పావు. శౌరమ్మత్త ఆ పూట పస్తుండబట్టి తినలేదు. సాయంత్రానికి మామయ్యకి వాంతులు. మర్నాడు మధ్యాహ్నానికి మనిషి లేడు. అందరూ కలరా అన్నారు. నేనొచ్చేసరికి ఆయన తువ్వాలు ఇంకా అక్కడే ఉంది. దానికి కుళ్ళిన వెల్లుల్లి వాసన. ఆ మందు వాసన నాకు తెలియంది కాదు.

"నువ్వు చదువుకున్నోడివి, ఏం జబ్బురా అబ్బాయ్?" అని అత్త నా చెయ్యి పట్టుకుని అడిగింది.

"కలరానే అత్తా" అన్నాను.

ఆ మందు పని బాగా చేశాననే నన్ను ఏరి ఇంత దూరం పంపించారు.

డిసెంబరు మొదట్లో మళ్ళీ మందు పెడతారని రూతు ఏదో మామూలు కబురులా రాసింది. ఇంక నిలవలేకపోయాను. ఇవాళ తెల్లవారగానే అచ్యుతరామారావు గారి తలుపు కొట్టాను.

"మొన్న మీకు అబద్ధం చెప్పానండీ. మా వైపు తింటారు. మా ఇంట్లో తింటాం" అన్నాను. మామయ్య సంగతీ చెప్పాను.

ఆయన పళ్ళు తోముకునే బ్రష్షు చేత్తో పట్టుకుని మంచమ్మీద కూర్చుండిపోయారు. "ఆ కాగితం రాసింది నేనయ్యా. నాకు తట్టనే లేదు" అన్నారు. తర్వాత, "ఇది పైకి వస్తే నీ ఉద్యోగానికి ఇబ్బంది, తెలుసా?" అన్నారు.

"తెలుసండీ."

"శుక్రవారం నేను తిరిగి బెజవాడ వెళ్తున్నాను. టపాలో వేస్తే ఎప్పటికి అందుతుందో. ఉత్తరం రాసివ్వు. మీ పేటకి నేనే తీసుకెళ్తాను. మందు సంగతి కూడా నేనే చెప్తాను."

వస్తారనే నమ్మకం ఉంది. ఆయన చెప్పినా సరే, నువ్వు కూడా ఇంటింటికీ చెప్పు. మందు పెట్టాక నెల వరకూ ఎవరూ చేల వైపు ఎలుక ముట్టొద్దు. ఎందుకని అడిగితే రత్తయ్య మామయ్య దానివల్లే పోయాడని, కృపానందానికి తెలిసీ చెప్పలేదని చెప్పు. దాచొద్దు.

అందరికన్నా ముందు శౌరమ్మత్తకి చెప్పు. ఈ మాట ఆమె వీధిలో వినకూడదు. నేనే ఎదురుగా నిలబడి చెప్పాల్సింది, కానీ నేనొచ్చేది క్రిస్మస్ దాటాక. మందు అప్పటిదాకా ఆగదు. ఆమె నన్ను తిడితే నా తరఫున ఒక్క మాట కూడా మాట్లాడకు. నిన్ను తిట్టినా లేచి రాకు, ఆమె పక్కనే ఉండు.

వచ్చినరోజు బస్సు దిగి ముందు ఆమె గడపకే వెళ్తాను. ఆమె పొమ్మంటే మన ఇంటికి ఏ ముఖంతో రావాలో నాకు తెలియడం లేదమ్మా.

ఇట్లు,
నీ కొడుకు
కృపానందం