హాడ్‌భాంగా మాసి

ఏక్‌బాల్‌పూర్,
ఆదివారం

ప్రియమైన రెజీ,

నువ్వు అమ్మ పరువు తీశావు. తెలియక కాదు, తెలిసే. ఇరుగుపొరుగుతో మంచిదానివనిపించుకోవడానికి.

ఫోన్లో అయితే నేను అరుస్తాను, నువ్వు పెట్టేస్తావు. అందుకే కాగితం మీద తిడుతున్నాను.

సమాధుల తోటలో అమ్మకి రాయి వేయిస్తామని సంత్రాగాఛి క్వార్టర్స్ బెంగాలీలు ముందుకొచ్చారు. సంతోషం. కానీ దాని మీద రోజమ్మ అని కాకుండా "హాడ్‌భాంగా మాసి" అని చెక్కిస్తారట. నువ్వు సరేనన్నావట! హాడ్ అంటే ఎముక. భాంగా అంటే విరగడం. ఎముకలు విరగ్గొట్టే పిన్నమ్మ! రైలు యార్డులో చెయ్యి నలిగినవాడికీ కాలు మడతపడ్డవాడికీ నల్లేరు నూరి కట్టు కట్టి, దగ్గరుండి ఆస్పత్రికి పంపిన మనిషికి ఇదా బిరుదు? బళ్లో నన్ను "హాడ్‌భాంగార్ ఛేలే", ఎముకలు విరగ్గొట్టేదాని కొడుకు, అని పిలిచి పళ్లికిలించేవారు. పొట్ట చేత్తో పట్టుకొచ్చిన తెలుగువాళ్లంటే ఆ బాబులకు అంత చులకన. నా రాతలన్నీ ఆ మాట పెట్టిన మంటలోంచి పుట్టినవే. ఇప్పుడు అదే మాట అమ్మ గుండెల మీద రాయి చేసి పెడతావా?

ఆపించు. నువ్వు ఆపకపోతే నేనే ఆపిస్తాను.

నీ అన్నయ్య,
జయరాజు

ఏక్‌బాల్‌పూర్,
గురువారం

రెజీ తల్లీ,

నీ జవాబు కోసం ఆగలేదు. నిన్న మీ క్వార్టర్స్ క్లబ్బుకే వెళ్లాను. నీ గుమ్మం తొక్కలేదు, కోపంతోనే. క్యారమ్స్ ఆడేవాళ్లందరి ముందూ నిమాయ్‌ని నిలదీశాను. ఈ రాయి ఆలోచన అతగాడిదేనటగా! "ఏం దాదా, మీ అమ్మ సమాధి మీద కూడా తిట్టే చెక్కించావా?" అన్నాను. దొంగకు తేలు కుట్టినట్టు ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని అలా కూర్చున్నాడు. చివరికి చెక్కేవాడికి ఫోన్ చేసి పని ఆపేయమన్నాడు.

నిజం గట్టిగా చెబితే ఇలాగే ఉంటుంది. ఈ ఒక్కసారైనా అమ్మ నన్ను చూసి గర్వపడుతుంది.

నీ అన్నయ్య

సంత్రాగాఛి

ప్రియమైన అన్నయ్యకు,

గెలిచావు. రాయి ఆగిపోయింది. నిమాయ్‌దా మా గుమ్మంలో నిలబడి "మాసిని మేం ఎప్పుడైనా తిట్టామా రెజీనా?" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆయన పట్టుకు కూర్చున్న మణికట్టు అమ్మ కట్టు కట్టినదే.

అన్నయ్యా, హాడ్‌భాంగా అంటే నల్లేరు. ఆ తీగకి ఇక్కడివాళ్ల పేరది. కొందరు హాడ్‌జోడా అంటారు. ఒకరు విరిగిందంటారు, ఇంకొకరు అతికిందంటారు, తీగ మాత్రం ఒకటే. నువ్వు దగ్గు మందు కొంటావు కదా, అది దగ్గు తెప్పించే మందా? తలనొప్పి మాత్ర మింగితే తలనొప్పి వస్తుందా? విరిగిన ఎముకకి వేసే తీగ హాడ్‌భాంగా. దాన్ని నూరే పిన్ని హాడ్‌భాంగా మాసి. ఇంట్లో మనం ఒక పేరు పలికాం, వీధిలో వాళ్లు ఇంకో పేరు పలికారు. రెండూ మన పెరటి గోడ మీది తీగ పేర్లేనా అని నువ్వు ఏనాడూ అడగలేదు. బళ్లో పిల్లలు నవ్వారంటావా, పిల్లలు దేనికి నవ్వరు?

ఇంకోటి చెప్పకూడదనుకున్నాను. నీ పుస్తకం సభకి అమ్మని రావద్దన్నావు, ఎవరైనా ఆ పేరుతో పిలుస్తారని. అమ్మ చెప్పబోతే "వాళ్లని వెనకేసుకు రాకు" అని లేచి వెళ్లిపోయావు. "ఏటే రెజీ, నానేటి తప్పు సేసినాను? మందు పేరెట్టి పిలిస్తే ఆడికి సిగ్గేటి?" అని నన్నడిగింది. ఆ తర్వాత నువ్వొచ్చే రోజున తనే ఇంటింటికీ తిరిగి, వచ్చీరాని బెంగాలీలో, మా వాడున్నప్పుడు ఆ పేరు పెట్టకండి బాబూ అని చెప్పుకునేది. వాళ్లు మాట నిలబెట్టుకున్నారు. నువ్వేమో నీ వ్యాసాలకు జడిసి మానేశారనుకున్నావు.

ప్రార్థనలతో,
నీ చెల్లి రెజీనా

ఏక్‌బాల్‌పూర్

నా చెల్లికి,

నీ ఉత్తరం చదివాక మొదట ఏం చేశానో తెలుసా? నిన్ను ఓడించడానికి సాక్ష్యం వెతికాను. ఖిదిర్‌పూర్ బజారులో మూలికలమ్మే ఆవిడకి నల్లేరు కాడ చూపించి పేరడిగాను. "హాడ్‌భాంగా" అంది. "విరగ్గొడుతుందా?" అన్నాను. "ఎవరి కాలు విరగ్గొట్టాలి దాదా?" అంది. చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు. తలెత్తలేకపోయాను.

మనవాళ్లు ఆ తీగ మీద బండి నడిపించి సామెత కట్టుకున్నారు. వీళ్లు విరిగిన ఎముకని పేరులోనే పెట్టుకున్నారు. చూశావా, ఇదీ వ్యాసంలాగే వచ్చింది. నాకింకోలా ఏడవడం రాదు.

బాబుల చులకన అబద్ధం కాదు. దాని మీద ఇంకా రాస్తాను. కానీ అది ఈ మాటలో లేదు. పసరు మరకల చేతులతో అమ్మ మా సభలో కూర్చుంటుందేమోనని నేను భయపడ్డాను. ఆ భయానికి వర్గపోరాటం అని పేరు పెట్టుకున్నాను. నా మూలంగా అమ్మ తన వీధిలోనే తన పేరు దాచుకు తిరిగింది. దీనికి ఏ బాబునీ నిందించలేను.

నా డిమాండ్లు ఇవి:

1. రాయి పని మళ్లీ మొదలుపెట్టించు.

2. పైన పెద్ద అక్షరాలతో, బెంగాలీలో, "హాడ్‌భాంగా మాసి" అని ఉండాలి. కింద తెలుగులో "రోజమ్మ".

3. ఎవరి ముందు అరిచానో వాళ్లందరినీ క్లబ్బుకి పిలిపించు. క్షమాపణ అక్కడే చెబుతాను, నిమాయ్‌దా ఇంట్లో చాటుగా కాదు.

4. ఆయన నన్ను తిడితే నువ్వు అడ్డురాకు.

5. రాయి నిలబెట్టే రోజు నన్ను మాట్లాడమనకండి. నేనే అడిగినా మైకు ఇవ్వకండి.

జయరాజు