మూడు వారాల నిబంధన

బావగారికి,

మేమంతా కులాసా. మీరు తిప్పిపంపిన నా ప్యాకేజీ ఒక్కటే మంచాన పడింది.

చూపులేని పిల్లలకు తెర మీది రాతను చదివి వినిపించే ఆ ప్రోగ్రాంను ప్యాకేజీగా కట్టి, అందరూ ఉచితంగా వాడుకునే మన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో చేర్చమని పరిశీలకులైన మీకు రెండుసార్లు పంపాను. మొదట వివరణ చివర ఫుల్‌స్టాప్ ఉందన్నారు. తీసేశాను. తర్వాత లైసెన్సు ఫైలు వేరే ఫోల్డర్‌లో ఉందన్నారు. "మార్గదర్శకమంటే శాసనమే, బావమరిదివైనా సరే" అన్నారు. ఆ పిల్లల టీచరుగారు ప్రోగ్రాం ఎప్పుడొస్తుందని అడగడం కూడా మానేశారు.

గురివింద గింజ సామెత గుర్తొచ్చి మీ ఫాంట్ల ప్యాకేజీ విప్పి చూశాను. అందులో లైసెన్సు ఫైలే లేదు. ఫిర్యాదు రాస్తే జవాబు లేదు. అక్కతో మాత్రం, "ఆ మార్గదర్శకాలు ఉత్త సూచనలేనని వాడికి చెప్పు" అన్నారట.

ఫిర్యాదుకు మూడు వారాల్లో బదులివ్వనివారి ప్యాకేజీ అడిగినవారికి చెందుతుందని మీరే రాసిన నిబంధన ఒకటుంది. గడువు నిన్నటితో తీరింది, నేను అడిగాను. ఈ ఉదయం నుంచి మీ ప్యాకేజీ నా పేర ఉంది.

ఇకపై అందులో మార్పులేమైనా కావాలంటే నాకు పంపండి, తీరిగ్గా చూస్తాను. వివరణ చివర ఫుల్‌స్టాప్ మాత్రం పెట్టకండి

మీ బావమరిది