కంచం మోగితే చెయ్యి కిందికి

ప్రియమైన గడుగ్గాయికి,

మీ అక్క రాస్తోంది. ఫోన్లో అయితే సగం వినకుండానే పెట్టేస్తావు, అందుకే ఉత్తరం. టైలరింగ్ షాపు బాగానే సాగుతోంది, స్కూలు యూనిఫారాల పని నెత్తిన కూర్చుంది. కుట్టు మిషను నడుస్తున్నంతసేపూ బాగానే ఉంటాను. ఆగిందంటే మీ బావ పోయిన రోజే గుర్తొస్తుంది. తన చేత్తో కట్టుకున్న హెలికాప్టర్లో ఆయన పైన ఉండగా ఇంజను ఆగినప్పుడు కూడా ఇంత నిశ్శబ్దంగానే ఉండి ఉంటుంది కదా.

ఇంకో సంగతి, నవ్వకు. భోజనాల బల్ల దగ్గర మీ బావ కుర్చీకి ఎడమ పక్కన ఒక కర్ర ఉంది చూశావా, హెలికాప్టర్ లీవర్ అనుకోమని ఆయనే బోల్టు పెట్టి బిగించారు. గాల్లో ఇంజను ఆగితే ఎడమచేతి లీవర్ వెంటనే కిందికి దించాలనీ, లేకపోతే పైన రెక్కలు ఆగిపోతాయనీ, ఇక అంతే సంగతులనీ అనేవారు. అది చేతికి అలవాటవ్వాలని, నేను చెప్పాపెట్టకుండా గరిటతో కంచం మీద కొట్టాలి, ఆయన కర్ర దించాలి. ఏళ్ళ తరబడి అదే ఆట. నిద్రలో ఉండగా కొట్టినా చెయ్యి దిగేది. ఇప్పుడు రోజూ ఆ కర్ర పైకెత్తి పడుకుంటున్నాను. పొద్దున చూస్తే కిందికి దిగి ఉంటోంది.

షెడ్డులో ఆయన సగం కట్టి వదిలేసిన రెండో హెలికాప్టర్‌ని నువ్వు ముట్టుకోవడం లేదు కదా?

నీ మేలు కోరే,
అక్క

*

ప్రియమైన అక్కకి,

నవ్వలేదు. బోల్టు వదులై ఉంటుంది, నట్టు బిగించి చూడు.

నీ మీద ఒట్టేసి అబద్ధం ఆడలేను. ముట్టుకున్నాను. బస్సుల షెడ్డులో వెల్డింగ్ పని అవ్వగానే బావ షెడ్డుకొచ్చి పడుతున్నాను. బావ వదిలేసిన చోటు నుంచి పైపులన్నీ అతికించాను. ఇంజను నేల మీదే నడిపి చూస్తున్నాను, పైకి లేపట్లేదు. పైలట్‌గా చేసి రిటైరైన ఓ పెద్దాయన తన హెలికాప్టర్ మీద నాకు పాఠాలు చెబుతున్నాడు, అంతవరకే. దీన్ని తుక్కు కింద అమ్మేయమని అందరూ అంటున్నారు. నావల్ల కాదక్కా.

ఒంటరిగా పనిచేస్తుంటే బావ వెనక నిలబడి "ఆ అతుకు నచ్చలేదురా, మళ్ళీ వెయ్యి" అన్నట్టే ఉంటుంది. తిరిగి చూస్తే మూలన పడిన, ఆ రోజు కూలిన ఆయన మెషీన్ ముక్కలు తప్ప ఏమీ ఉండవు. అయినా మళ్ళీ వేస్తాను. నిజంగానే ఆ అతుకు బాగుండదు.

నీ,
గడుగ్గాయి

*

ఒరేయ్,

నట్టు బిగించాను. కర్ర మళ్ళీ దిగింది.

నీకు చెప్పని మాట ఒకటుంది. ఆ రోజు పొద్దున మేం పోట్లాడుకున్నాం. ఆ డొక్కు హెలికాప్టర్ కావాలో నేను కావాలో తేల్చుకోమన్నాను. టిఫినైనా తినకుండా వెళ్ళిపోయారు. పొలంలో తిరగబడి ఉన్న మెషీన్ దగ్గరికి నేను వెళ్ళేసరికి, "లీవర్ పైనే ఉంది, దించనే లేదు" అని జనంలో ఎవరో అంటున్నారు. నేనూ కళ్ళారా చూశాను, పైనే ఉంది.

నిద్రలో దిగే చెయ్యి ఆ రోజు ఎందుకు దిగలేదురా? మర్చిపోయారంటే నేను నమ్మను. నా దగ్గరికి తిరిగి రావడం ఇష్టంలేకే దించలేదు. ఇప్పుడు రోజూ కర్ర దించి నాకు అదే చెబుతున్నారు, తలుచుకుంటే దించగలిగేవాణ్ణని.

నువ్వూ ఎగిరితే నాకు ఇంకెవరూ మిగలరు. నీ కాళ్ళు పట్టుకుంటాను, వద్దు.

అక్క

*

ప్రియమైన అక్కకి,

కంగారు పడకు, నా చేత్తోనే రాస్తున్నాను. కాకపోతే ఆసుపత్రి మంచం మీద పడుకుని, అందుకే అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి. నడుములో ఒక ఎముక చిట్లింది. నడుస్తావనే డాక్టరు అంటున్నాడు. తిట్లు తర్వాత, ముందు పూర్తిగా చదువు.

నీ ఉత్తరం చూశాక ఉండబట్టలేకపోయాను. బావ ఎందుకు దించలేదో ఆ సీట్లో కూర్చుంటే గానీ తెలియదనిపించింది. ఎగిరాను. బాగా ఎత్తులో వెళ్తుండగా ఇంజను ఆగిపోయింది. అక్కా, ఎక్కడో కంచం మోగింది. నేను ఆలోచించేలోపే చెయ్యి కిందికి దిగింది. రెక్కలు గాలికే తిరుగుతూ ఉన్నాయి, మెషీన్ ఏటవాలుగా జారుతూ వచ్చింది.

బావ నాకు చెప్పింది అంతవరకే. నువ్వు ఆడించిన ఆటా అంతవరకే. రెండో సగం పెద్దాయన నేర్పాడు. ఇక నేల తగులుతుందనగా అదే లీవర్ని పూర్తిగా పైకి లాగాలి. రెక్కల్లో మిగిలిన ఊపంతా ఆ ఒక్క లాగుడికి అయిపోతుంది, దెబ్బ తగ్గుతుంది. నేను రవ్వంత ముందే లాగేశాను, నడుము పోయింది.

నన్ను బయటికి తీసి గడ్డిలో పడుకోబెట్టాక మెషీన్ వైపు చూశాను. లీవర్ పైనే ఉంది. బావది ఉన్నట్టే.

మెషీన్ కింద ఉండే రెండు పైపు కాళ్ళూ చెరో పక్కకీ సమానంగా విచ్చుకున్నాయి. షెడ్డు మూలన బావ మెషీన్ కాళ్ళూ అచ్చం అలాగే ఉన్నాయి. రోజూ వాటి పక్కనే పనిచేశాను, నా కళ్ళకేం రోగమో. రెక్కలు ఆగి రాయిలా పడితే కాళ్ళు నుజ్జయిపోతాయి, అలా విచ్చుకోవు. బావ లీవర్ దించాడక్కా. చివర్లో పైకి లాగాడు. నేల మీద సరిగ్గానే కూర్చున్నాడు. ఆ జోరులో ముందుకి జారి, ఒక పైపు కాలు పొలం గట్టుకి తగిలి మెషీన్ తిరగబడింది, అంతే. బావ ఇంటికే వస్తున్నాడు.

ఒక్కటి చెప్పు. నా ఇంజను ఆగిన పూట నువ్వు కంచం కొట్టావా?

నీ,
గడుగ్గాయి

*

ప్రియమైన గడుగ్గాయికి,

తిట్లన్నీ దాచి ఉంచాను, ఒక్కటీ తగ్గించను. ఆదివారం వస్తున్నాను. షెడ్డు తాళంచెవి దగ్గర పెట్టుకో, ఆ కాళ్ళు నా కళ్ళతో చూడాలి.

కంచం సంగతి అడిగావు. ఆ పూట నేను ఇంటికి తాళం వేసి షాపులో ఉన్నాను.

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో, ఎంత ఏడ్చానో అడగకు. ఇన్నాళ్ళూ ఆయనతో సగం ఆటే ఆడించానన్నమాట. రోజూ ఆ కర్రని కోపంగా పైకెత్తేసి వెళ్ళేదాన్ని. నిన్న మొదటిసారి ఆయన కుర్చీలో కూర్చున్నాను. ఎడమచేత్తో పట్టుకుని మెల్లగా పైదాకా లాగాను. "దిగారుగా, ఇక భోంచెయ్యండి" అన్నాను.

పొద్దున లేచి చూశాను. కర్ర పైనే ఉంది.

అక్క