మావయ్యగారి గాలం కర్రకు ఇంటి వైద్యం

1, ఆదివారం

ఉదయం 7.10. నిర్ణయం! ఈ రోజు నుంచి మా ఇంటి గాలం కర్ర ఏదీ రిపేరు షాపు గుమ్మం తొక్కదు. రిపేర్లన్నీ ఇంట్లోనే, నా చేతుల మీదుగానే. షాపాయన ఎప్పుడు అడిగినా "రేపు రండి" అంటాడు. మా ఇంట్లో ఆయన పేరే రేపాయన.

రోగుల జాబితా:
నా కర్ర: గాలం లైను దూరే చివరి రింగు విరిగింది.
మా ఆవిడ కర్ర: పిడి మీది బెండు ఎలుక కొరికింది.
మావయ్యగారి కర్ర: నడిమి రింగు పగిలి లైను తెగ్గొడుతోంది.

మూడోదే అసలు కేసు. మావయ్యగారికి మోకాలి ఆపరేషనై ఎనిమిది నెలలు. కాలు బాగానే ఉంది, భయమే తగ్గలేదన్నాడు డాక్టరు. ఆయన మూడంతస్తుల మెట్లు దిగాలంటే ఒక చెయ్యి రెయిలింగు మీద, ఇంకో చెయ్యి నా భుజం మీద ఉండాలి. అదీ డాక్టరు దగ్గరికైతేనే. పదిహేనో తారీకున ఆయన స్నేహితుడు కారు తెచ్చి చెరువుకి తీసుకెళ్తానన్నాడు. ఈలోగా కర్ర సిద్ధం కావాలి.

"రేపాయనకి ఇచ్చేద్దాం అల్లుడుగారూ," అన్నారు.

"నేనున్నానుగా మావయ్యగారూ!"

"మీరా?"

ఆ "మీరా"కి జవాబు పదిహేనున చెప్తాను.

2, సోమవారం

సాయంత్రం 6.00. సామాను వచ్చేసింది! రింగులు ఆరు, నైలాన్ దారం, రెండు ట్యూబుల జిగురు (రెండూ కలిపితేనే గట్టిపడుతుంది), గరుకు కాగితం, కొవ్వొత్తి. భోజనాల బల్లే ఇకనుంచి వర్క్‌షాపు.

"మరి మేమెక్కడ తినాలండీ?" అంది మా ఆవిడ. గొప్ప పనులకి ఇలాంటి అడ్డంకులు తప్పవు.

3, మంగళవారం

నా కర్ర. విరిగిన రింగుని కొవ్వొత్తి మంట మీద వేడి చేసి లాగాను. వచ్చేసింది! కొత్తది అతికించాను. మొత్తం ఇరవై నిమిషాలు. కాస్త పక్కకి తిరిగింది. చేపలు పైకొచ్చి చూస్తాయా ఏంటి?

5, గురువారం

మావయ్యగారి కర్ర. కొత్త రింగుని దారంతో చుట్టి బిగించాలి. చుట్టు పక్కన చుట్టు, మధ్యలో సందు ఉండకూడదు.
6.15. ఇరవై చుట్లయ్యాక తుమ్మొచ్చింది. మొత్తం ఊడింది.
6.40. ఫోను మోగింది. మొత్తం ఊడింది.
7.30. అయింది! ఎవరూ ఊపిరి పీల్చొద్దని ఇంట్లో ముందే చెప్పాను.

7, శనివారం

దారం మీద జిగురు పూశాను. ఆరేదాకా కర్రని మెల్లగా తిప్పుతూనే ఉండాలట. ఆపితే జిగురంతా ఒక పక్కకి జారుతుంది. మూడు గంటలు! షిఫ్టులు వేశాను. నేను, మా ఆవిడ, మావయ్యగారు. మావయ్యగారు పేపరు చదువుతూ ఒంటిచేత్తో తిప్పారు. మా ఆవిడ తిప్పుతూ నన్ను తిట్టింది. రింగు మాత్రం రాయిలా కూర్చుంది. నేనింతటివాణ్ణని నాకే తెలియదు.

8, ఆదివారం

మా ఆవిడ కర్ర మొదలుపెట్టాలి. కానీ సెలవు రోజు.

9, సోమవారం

గాలిలో తేమ. జిగురుకి మంచిది కాదు.

10, మంగళవారం

కళ్ళద్దాలు కనబడలేదు. సాయంత్రం నెత్తిమీదే దొరికాయి. అప్పటికి మూడ్ పోయింది.

11, బుధవారం

ఉదయం 6.30. మూడు రోజుల బద్ధకం ఒక్క దెబ్బతో కడిగేశాను! మావయ్యగారి కర్ర తుడుస్తుంటే నడుమ దగ్గర ఏదో కదులుతోంది. పాత పగులు! ఆయన స్నానం చేసి వచ్చేలోగా జిగురు దట్టించి బిగించేశాను. అడక్కుండా చేసిన ఉపకారం. ఆదివారం పొద్దున చెప్తాను, ఆశ్చర్యపోతారు.

12, గురువారం

ఆశ్చర్యపోయారు, ఈ రోజే.

సంచీ తెచ్చి, "రెండు ముక్కలూ విడదీసి ఇందులో పెట్టండి అల్లుడుగారూ," అన్నారు.

మా ఇద్దరి కర్రలూ ఒకే ముక్క. ఆయనది రెండు ముక్కలని, ఆ కదిలేది పగులు కాదు జాయింటని నాకెవరు చెప్పారు? తలుపు మూల ఎప్పుడు చూసినా నిలువుగానే ఉండేది!

వేడినీళ్ళు: లాభం లేదు.
హెయిర్ డ్రయ్యర్: వార్నిష్ ఉబ్బింది.
నేనొక కొస, మా ఆవిడొక కొస: ఆవిడ సోఫాలో పడింది. జాయింటు కదల్లేదు.

"పోన్లెండి. చెరువు సంగతి వచ్చే నెల చూద్దాం," అన్నారు మావయ్యగారు. ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. హమ్మయ్య!

13, శుక్రవారం

రేపాయనకి ఫోను చేశాను.

"కదులుతుంటే కాస్త కొవ్వొత్తి రుద్దితే సరిపోయేదండీ. ఇప్పుడు కొయ్యాల్సిందే. రేపు తీసుకురండి."

కొవ్వొత్తి ఎదురుగా బల్ల మీదే ఉంది. తల తిప్పుకున్నాను.

మా ఆవిడ నన్ను వంటింట్లోకి పిలిచింది. "నాన్న మొహం చూశారా? కర్ర పోయిందని దిగులేం లేదు. మెట్లు దిగక్కర్లేదని సంతోషంగా ఉన్నారు. ఈ ఆదివారం ఆగిపోతే ఆయన ఇంక దిగరండీ."

రోజంతా ఆఫీసులో పని సాగలేదు. ఆయనకి ఇంట్లో కూర్చోడానికి సాకు తయారుచేసి ఇచ్చింది నేనే. సిగ్గుగా ఉంది.

14, శనివారం

"విడదీయకుండానే తీసుకెళ్దాం మావయ్యగారూ."

"ఏడడుగుల కర్ర. మెట్ల మలుపుల్లో తిరగదు."

"జాగ్రత్తగా వంచితే తిరుగుతుంది."

"కారులో పట్టదు."

"కిటికీలోంచి బయటికి పెడదాం. కిందికి నేను తెచ్చిపెడతాను."

"మీ ఒక్కరి చేతికా?" ఉలిక్కిపడ్డారు. "వద్దులెండి. చివర మీరు పట్టుకోండి, పిడి నేను పట్టుకుంటాను. నా కళ్ళ ముందుండాలి."

15, ఆదివారం

ఉదయం 6.20. చివర పట్టుకుని నేను ముందు. పిడి పట్టుకుని ఆయన వెనక.

"పైకెత్తండి! గోడ! గోడకి తగుల్తోంది! ఎడమకి! మీ ఎడమ కాదండీ, కర్ర ఎడమ! ఎవరిచ్చారండీ మీకు ఉద్యోగం?"

మూడంతస్తులు, ఆరు మలుపులు. ఎనిమిది నెలలు మింగిన తిట్లన్నీ ఆ మెట్ల మీద కక్కారు. కిందికొచ్చాక వెనక్కి తిరిగి చూశాను. ఆయన రెండు చేతులూ పిడి మీదే ఉన్నాయి. రెయిలింగు మీద ఒక్కటి కూడా లేదు. పైన మా ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది.

స్నేహితుడు కర్ర కొసకి ఎర్రగుడ్డ కట్టాడు. కిటికీలోంచి అది ఊగుతూ వీధి మలుపు తిరిగింది. నేను కింది మెట్టు మీద కూర్చుని కాసేపు ఏడ్చాను. సంతోషంతోనే.

సాయంత్రం 5.00. చేపలు సున్నా. మావయ్యగారి మొహం మాత్రం ఎండకి కమిలి వెలిగిపోతోంది.

16, సోమవారం

ఉదయం 7.10. నిర్ణయం, మళ్ళీ! ఈసారి ఒక షరతు: మావయ్యగారిని అడగనిదే జిగురు మూత తియ్యను. మొదటి పని, ఆ జాయింటుని గరుకు కాగితంతో రోజుకి కొంచెం అరగదీసి, మునుపటిలా విడిపోయేట్టు చెయ్యడం. బల్ల సర్దాను. కాగితం చింపాను. పద్ధతిగా వెళ్ళి అనుమతి అడిగాను.

మావయ్యగారు కర్రని రెండు చేతులా దగ్గరికి లాక్కున్నారు.

"వద్దండీ! దీన్ని విడదీసేస్తే వచ్చే ఆదివారం నేను మెట్లెలా దిగను?"