పెరటి అరుగుకు ఏ పలకలు

చిన్న తమ్ముడికి దీవెనలు. దేవుడి దయవల్ల నేనూ నడిపి తమ్ముడూ లేచి తిరుగుతున్నాం.

పెరటి అరుగు చెక్క పుచ్చిపోయింది. వడ్రంగి అసలు చెక్క పలక ఒకటి, నువ్వు చెప్పిన ప్లాస్టిక్ కలిపిన పలక ఒకటి ఎండలో పరిచి, చూసుకోమన్నాడు. నడిపి తమ్ముడు చెప్పులు విప్పి ప్లాస్టిక్ దాని మీద చాలాసేపు నిలబడ్డాడు. "ఇదే వేయించక్కా. చిన్నోడికీ బుర్ర ఉందే!" అన్నాడు. నేను చెయ్యి పెడితే చుర్రుమంది. వాడి అరికాళ్లు బొబ్బలెక్కాయి. షుగరుతో స్పర్శ పోయిందని వాడికే తెలియలేదు.

అసలు చెక్కే వేయిస్తున్నాను. అది అంతగా కాలదు గాని, ఏటా నూనె పట్టించాలట. నా మోకాళ్లు వంగవు.

పాప దగ్గు తగ్గిందా? మరదలిని అడిగానని చెప్పు.

నువ్వొకసారి రా. వాడు నాకు కాళ్లు చూపించడం లేదు, నీకైతే చూపిస్తాడు. నూనె పనికే వచ్చానని చెప్పు.

మీ అందరి కోసం రోజూ దణ్ణం పెట్టుకునే
పెద్దక్క