జత కట్టిన ఓటు

1904 ఫిబ్రవరి 9, హార్కోమ్

వేట నుంచి వస్తుంటే నా గుర్రం జూనిపర్ అలవాటుగా మిసెస్ టకెట్ గేటు ముందు ఆగింది. దక్షిణాఫ్రికాలో ట్రాన్స్‌వాల్ యుద్ధంలో ఆవిడ భర్త, మా సార్జెంటు, ఎక్కిన గుర్రం ఇది. ఆయన అక్కడే పోయాడు. గుర్రం నాకు మిగిలింది. ఆవిడ దీనికి రోజూ ఓ యాపిల్ పెడుతుంది. ఇవాళ పెడుతూ, దొరగారూ, చచ్చిపోయిన సిపాయిల పెళ్లాలకి పార్లమెంటులో పెన్షన్ బిల్లు వస్తోందట, మీ ఓటు మాకేనా అంది. మీకే అన్నాను. మా పార్టీ ఆ బిల్లుకి వ్యతిరేకం. నోరు జారానో, మనసులో మాటే అన్నానో తెలియడం లేదు.

ఫిబ్రవరి 15, లండన్

బిల్లుకే ఓటేస్తానని ఇంకా ఎవరికీ చెప్పలేదు. చెబుదామని వెళితే, మా పార్టీ ఓట్లు చేజారకుండా చూసే విప్ భుజం తట్టి, లార్డుగారు, అదే మీ నాన్నగారు, కులాసాయేనా అంటాడు. గుర్రమెక్కి తుపాకులకి ఎదురెళ్లినవాణ్ణి, ఈయన ముందు నోరు పెగలదు. సిగ్గుగా ఉంది.

ఫిబ్రవరి 18, మధ్యాహ్నం

నాన్నకి ఊపిరి అందడం లేదని టెలిగ్రాం. ఓటింగు ఇవాళే. ఏం చెయ్యాలో తోచక లాబీలో తిరుగుతుంటే అవతలి పార్టీ ప్రాసర్ పట్టుకున్నాడు. వేల్స్ బడిపంతులు, మంచివాడు. ఏమయ్యా మేజరూ, తండ్రికన్నా ఓటు ఎక్కువా, నీతో జత కడతాను పో, నువ్వూ వెయ్యకు, నేనూ వెయ్యను, చెల్లుకి చెల్లు అన్నాడు. చెయ్యి కలిపాను. కళ్లలో నీళ్లు తిరిగాయి.

అదే రోజు, రైల్లో

ఛీ. ప్రాసర్ ఓటు బిల్లుకే. నా ఓటూ బిల్లుకే. ఇందులో చెల్లేదేముంది నా తలకాయ! మిసెస్ టకెట్ పక్కనుంచి రెండు ఓట్లు తీసి పారేశాను. రీడింగ్ స్టేషన్లో దిగి టెలిగ్రాం కిటికీ దగ్గర నిలబడ్డాను. జత వద్దు, నీ ఓటు నువ్వు వేసుకో అని ఒక్క ముక్క కొడితే చాలు. కానీ ఎందుకని అడుగుతాడు. సాయంత్రానికల్లా విప్‌కి తెలిసిపోతుంది. రైలు కూత వేసింది. ఎక్కేశాను. నాన్న కోసమే ఎక్కాను. నాన్న కోసమేనా?

ఫిబ్రవరి 19

బిల్లు ఒక్క ఓటుతో పోయింది. నాన్న బతికాడు.

ఫిబ్రవరి 22

నాన్న లేచి కూర్చుని టిఫిన్‌కి వేయించిన గొర్రె కిడ్నీలు అడిగాడు. జత కట్టినవాళ్ల పేర్లు పేపర్లో వేశారు. నాది బిల్లు వద్దన్నవాళ్లలో ఉంది. ఊరంతా చదివేది ఆ పేపరే. నాన్న మురిసిపోతున్నాడు. ఒరేయ్, ఎలాగూ ఓటెయ్యలేనివాడివి, నా రోగాన్ని అడ్డం పెట్టుకుని పంతుల్ని భలే బుట్టలో వేశావురా, ఇన్నాళ్లూ నీకు గుర్రాలు తప్ప ఇంకేం తెలియదనుకున్నాను అన్నాడు. ఆయన నన్ను మెచ్చుకోవడం ఇదే మొదటిసారి. అది కాదు నాన్నా అనబోయాను. నవ్వుతున్నాడు. కిడ్నీల పళ్లెం ఆయన దగ్గరికి జరిపాను.

సాయంత్రం విప్ దగ్గర్నుంచి కబురు. యుద్ధ శాఖలో ఓ పదవి ఖాళీగా ఉంది, నీలాంటి తెలివైనవాడు కావాలి, వస్తావా అని. సంతోషమేసింది. ఎందుకేసిందా అని నామీద నాకే ఒళ్లు మండింది.

మార్చి 1

పదవికి సరేనని నిన్న చెప్పాను.

ఇవాళ కళ్లెం ఎంత లాగినా జూనిపర్ ఆ గేటు దగ్గరే ఆగింది. ఆవిడ వచ్చింది. యాపిల్ పెట్టింది. మెడ నిమిరింది. నావైపు చూడలేదు. తినడం అయ్యేదాకా గుర్రం కదల్లేదు. నేనూ దిగలేదు.